బుజ్జి గెలాక్సీకి సాక్ష్యం

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

అమ్మ కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మిరప కల్లంలో పట్టా మీద కాలు జారి పడిందట. అద్దంకి తీసుకెళ్ళి కట్టు కట్టించారు, ఆరు వారాలు ఉంచాలన్నారు. నాన్న సీజనంతా గుంటూరు మిర్చి యార్డులోనే, హమాలీ ముఠాతో. కాబట్టి వచ్చి వండాల్సింది నేనే. నా వంట ఒక పూట తిన్నాక అమ్మ, "ప్రభువా, ఈ చెయ్యి తొందరగా బాగుచెయ్యి" అని ప్రార్థన చేసింది. నా ఎదురుగానే, కాస్త గట్టిగానే.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. మా గైడు త్యాగరాజు సార్ అడ్డు చెప్పలేదు. "డేటా అంతా ఆర్కైవ్‌లోనే ఉంది కదమ్మా. నువ్వు అద్దంకి దగ్గరుంటే ఏం, అంటార్కిటికాలో ఉంటే ఏం. మార్చి ఇరవైన కమిటీ మాత్రం మర్చిపోకు" అన్నారు.

మర్చిపోతానా! పీహెచ్‌డీలో చేరి ఐదేళ్ళు నిండాయి. ఇంకో ఏడాది ఇస్తారో, పెట్టె సర్దుకోమంటారో ఆ రోజే తేలుతుంది.

4 ఫిబ్రవరి

కల్లానికి అమ్మతో వెళ్ళాను. అమ్మ పదకొండు మంది ఆడవాళ్ళకి మేస్త్రీ. కోతకీ, ఆ తర్వాత కాయలు ఏరడానికీ రైతులు అమ్మకే కబురు చేస్తారు. ఇప్పుడు చెయ్యి మెడలో వేలాడుతోంది కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నోటితో ఏరుతోంది.

ఆ పదకొండు మందిలో ఒకరు, ఖుర్షిదా పిన్ని అడిగింది, "స్తుతమ్మా, ఇంతకీ నువ్వు ఎతికేదేంది?"

చెప్పాను. సూర్యుడికి పదిరెట్లు బరువున్న కృష్ణబిలాలు దొరికాయి. కోట్ల రెట్లున్నవీ దొరికాయి. మధ్యలో వేల రెట్లు, లక్ష రెట్లు ఉండాల్సినవే సరిగ్గా దొరకట్లేదు.

"పిల్లలున్నారు, ముసలోళ్ళున్నారు, మధ్య వయసోళ్ళే లేని ఊరన్నమాట" అంది పిన్ని. "పనులకి హైదరాబాదు పోయుంటార్లే."

ఐదేళ్ళలో ఏ సెమినార్‌లోనూ నా టాపిక్‌ని ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. వాటిని చిన్న గెలాక్సీల్లో వెతుకుతున్నానని చెప్పాను. పెద్ద గెలాక్సీలు పక్కవాటిని మింగి పెరిగాయి. మరుగుజ్జువి ఎవరి జోలికీ పోకుండా అలాగే ఉండిపోయాయి, కాబట్టి మధ్య వయసువి ఉంటే వాటి నడిమధ్యే ఉండాలి. బిలం ఎలాగూ కనపడదు. దాని చుట్టూ గిరగిర తిరిగే వాయువు వెలుగు కనపడుతుంది. గెలాక్సీ వెలుగుని విడదీసి గీస్తే స్పెక్ట్రంలో ఒకచోట సన్నటి శిఖరం వస్తుంది. వాయువు మహావేగంగా తిరుగుతుంటే ఆ శిఖరం అడుగు లావెక్కి పొట్ట వస్తుంది. నేను ఐదేళ్ళుగా ఆ పొట్టల కోసమే చూస్తున్నాను.

"పొట్టలు చూడ్డానికి అంత చదువెందుకే, పంచాయితీ ఆఫీసుకి పోతే సరిపోయేదిగా" అంది అమ్మ. పదకొండు మందీ నవ్వారు.

8 ఫిబ్రవరి

తొమ్మిది వందల గెలాక్సీల్లో పద్నాలుగు మిగిలాయి. ఈ పద్నాలుగింటికీ 2005 ప్రాంతంలో తీసిన సర్వే స్పెక్ట్రాల్లో ఎంతో కొంత పొట్ట ఉంది. అన్నిటికంటే బాగున్నది నాలుగోది. దాని అసలు పేరు పద్దెనిమిది అంకెలు. నేను బుజ్జి అంటాను. పన్నెండు కోట్ల కాంతి సంవత్సరాల అవతల, నీలంగా, కాస్త వంకరగా ఉంటుంది. ఎంత ముద్దొస్తుందో.

సైంటిస్టు ఇలా రాయకూడదు. ఎవరు చదువుతారు గనక.

11 ఫిబ్రవరి

బుజ్జిది ఇంకో స్పెక్ట్రం దొరికింది. 2013లో వేరే సర్వేవాళ్ళు తీసింది. గీత మరీ గరుకుగా ఉంది, మబ్బులో తీశారేమో. పొట్ట ఉందో లేదో తెలియట్లేదు. 'పనికిరానివి' అనే ఫోల్డర్‌లో పడేశాను.

చారు చేశాను. అమ్మ నీళ్ళు కలుపుకుని తాగింది.

13 ఫిబ్రవరి

గరుకు డేటాని ఎవరైనా పక్కన పెడతారు. నేనొక్కదాన్నే కాదు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

ఈ తారీఖు గుర్తుంచుకోవాలి. వీడియో కాల్‌లో సార్‌కి బుజ్జిని చూపించాను. నా లెక్క ప్రకారం నడిమధ్యలో డెబ్బై వేల సూర్యుళ్ళ బరువు. సార్ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. ఆయన కళ్ళజోడు తుడవడం ఐదేళ్ళలో ఇది రెండోసారి.

"చాలా బాగుందమ్మా. దీనికి ఇంకేమైనా పాత డేటా ఉందా?"

"పనికొచ్చేదేమీ లేదు సార్."

"అయితే కొత్తగా తీద్దాం. మార్చి రెండో వారంలో లడఖ్ టెలిస్కోపు మీద మనకి మూడు రోజుల టైముంది. వేదశ్రీ వెళ్తోంది. మొదట దీన్నే చూడమని చెప్తాను. ఇది నిలబడితే కమిటీ సంగతి నాకొదిలెయ్."

వేదశ్రీ నా జూనియరు. టెలిస్కోపు దగ్గర చలికి వణకని ఒకే ఒక్క మనిషి. ఫోన్ పెట్టేశాక నేను అరిచిన అరుపుకి వాకిట్లో కోళ్ళు చెదిరిపోయాయి.

"ఏందే ఆ కేక?" అని అమ్మ పరిగెత్తుకొచ్చింది.

"దొరికిందమ్మా!" అన్నాను.

అమ్మ ఎడమ చేత్తో నన్ను వాటేసుకుంది. ఏం దొరికిందని కూడా అడగలేదు.

16 ఫిబ్రవరి, ఆదివారం

అయిపోయింది. అమ్మ సాక్ష్యం చెప్పింది.

మా చర్చిలో ఆరాధన అయ్యాక, దేవుడు మేలు చేసినవాళ్ళు ముందుకొచ్చి మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతారు. జ్వరం తగ్గిందని, బోరులో నీళ్ళు పడ్డాయని, అల్లుడు తాగుడు మానేశాడని. ఇవాళ అమ్మ కట్టు చేత్తోనే మైకు అందుకుంది.

"నా కూతురు స్తుతి అయిదేళ్ళ నుంచి ఎతుకుతుంది. సూర్యుణ్ణి కూడా మింగేసే నల్ల బిలం, ప్రపంచంలో ఎవరికీ దొరకనిది, మొన్న శుక్రవారం మనూళ్ళో, మా వసారాలో కూర్చుని కనిపెట్టింది. దేవునికే మహిమ."

"ఆమేన్!" అన్నారు రెండు వందల మంది. మా పాస్టరు ఫిలిప్ అయ్యగారు నన్ను లేచి నిలబడమన్నారు. లేచాను. చప్పట్లు కొట్టారు. నవ్వాను కూడా.

మా చర్చిలో సాక్ష్యం ఒకసారి చెప్పాక దేవుడిదైపోతుంది. వెనక్కి తీసుకున్నవాళ్ళని నేను పుట్టాక చూడలేదు. అమ్మనడిగితే, తను పుట్టాక కూడా చూడలేదంది.

18 ఫిబ్రవరి

అయ్యగారు దారిలో ఆపారు. పాపం, రెండు రోజులుగా నిద్ర లేదట. "అమ్మా స్తుతీ, ఒక్క మాట. బైబిలు వాక్యంలో చెప్పిన అగాధం ఇదేనంటావా? సంఘంవాళ్ళు అడుగుతున్నారు."

కాదన్నాను. అది పన్నెండు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, మనల్నేమీ చెయ్యదు అన్నాను.

"అయితే మంచిదే" అన్నారు. కాస్త నిరాశపడ్డట్టే అనిపించింది.

20 ఫిబ్రవరి

2013ది మళ్ళీ తెరవలేదు. తెరవాల్సిన పనీ లేదు.

24 ఫిబ్రవరి

చర్చి యూత్‌వాళ్ళు ఫ్లెక్సీ వేస్తామన్నారు. వద్దన్నాను. వేశారు. 'కృష్ణబిలం కనుగొన్న మన ఊరి ఆణిముత్యం' అని పైన, కింద నా పదో తరగతి ఫోటో, పక్కన ఇంటర్నెట్లో దొరికిన ఎవరిదో కృష్ణబిలం. నా ఫోటో కంటే అదే బాగా వచ్చింది.

1 మార్చి

పొద్దున్నే చినుకులు పడ్డాయి. కల్లంలో కాయలు తడుస్తాయని అందరూ పరుగులు. పట్టాలు చాలక ఎవరో ఫ్లెక్సీ పీక్కొచ్చి కప్పారు. పది బస్తాల మిరపకాయల్ని నేనూ నా కృష్ణబిలమూ కాపాడాం. పీహెచ్‌డీ వల్ల ఊరికి జరిగిన మొదటి మేలు ఇదే.

3 మార్చి, సోమవారం

ఖుర్షిదా పిన్నికి రంజాన్ రోజాలు మొదలయ్యాయి. నీళ్ళు కూడా తాగకుండా ఏరుతోంది. నేను రెండు బాటిళ్ళు తాగి, పక్కన కూర్చుని దగ్గుతున్నాను.

పొద్దున మంచుకి కాయ మెత్తగా ఉన్నప్పుడే ఏరడం మొదలుపెడతారు. ఎర్రటి కాయ ఒక కుప్ప, తెల్లబడ్డ తాలు కాయ ఇంకో కుప్ప. ఎవరి ముందు వాళ్ళవి రెండేసి కుప్పలు. పదింటికి అమ్మ కుర్చీలోంచి లేచి తనిఖీకి బయల్దేరింది. నేను గమనించిందేమిటంటే, మంచి కుప్పల వంక కన్నెత్తి కూడా చూడలేదు. ఒక్కొక్కరి తాలు కుప్ప దగ్గరే వంగి, ఎడమ చేత్తో కెలికి చూస్తోంది.

"అమ్మే కాయలు అవి కదా, వాటిని చూడవేం?" అన్నాను.

"మంచి కుప్ప ఎవరిదైనా బాగానే ఉంటదే. ఎవత్తె ఎట్టా ఏరిందో తాలు కుప్ప చెప్పుద్ది. తొందరపడేది, కళ్ళు కనపడనిది, కావాలని తోసేసేది, అందరూ అక్కడ దొరుకుతారు."

"కావాలని ఎందుకు తోస్తారు?"

"కాయకి చిన్న మచ్చ ఉంటే ఇది మంచిదా చెడ్డదా అని ఆలోచించాలిగా. బద్ధకమేసి తాల్లోకి తోసుద్ది. ఇంక చూడక్కర్లేదుగా మరి."

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. మూసేశాను.

4 మార్చి

వంకాయ కూర చేశాను. మొదటిసారి అమ్మ మళ్ళీ వేయించుకుంది. రోజంతా ఆ ఆనందంలోనే గడిపాను. పనేమీ చేయలేదు.

7 మార్చి, శుక్రవారం

తెరిచాను.

చేయాల్సిందల్లా పది నిమిషాల పని. గరుకుగా ఉన్నప్పుడు పక్కపక్క చుక్కల్ని కలిపి సగటు తీస్తే గీత నునుపవుతుంది. మొదటి ఏడాది పిల్లలకి నేనే నేర్పుతాను. అది బుజ్జికి ఇన్నాళ్ళూ చేయలేదు.

శిఖరం ఉంది. సన్నగా, నిటారుగా, శుభ్రంగా. పొట్ట లేదు. ఉండి ఉంటే కనపడకుండా పోయేంత గరుకు కూడా కాదు అది. మూడు రకాలుగా చేశాను. మూడుసార్లూ లేదు.

కృష్ణబిలమైతే ఎనిమిదేళ్ళలో ఇలా మాయమవదు. నీలంగా, కొత్త నక్షత్రాలతో కళకళలాడే గెలాక్సీ అది. 2005కి కాస్త ముందు అందులో ఒక నక్షత్రం పేలిన వెలుగు మన దాకా వచ్చింది. పేలుడుకి చిమ్మిన వాయువు పరుగే నా పొట్ట. తర్వాత అది చల్లారిపోయింది. డెబ్బై వేల సూర్యుళ్ళు లేరు. చచ్చిపోయిన ఒక్క నక్షత్రం ఉంది.

ఏడవలేదు. మిరప ఘాటు, అంతే.

8 మార్చి

ఆలోచించాను. మంగళవారం నుంచి వేదశ్రీ టెలిస్కోపు మీద ఉంటుంది. బుజ్జిని చూస్తుంది. పొట్ట లేదని తనే చెబుతుంది. అప్పుడు సార్, "అయ్యో, చల్లారిపోయిందే" అంటారు, నేనూ "అయ్యో" అంటాను. ఆ ఫోల్డర్ సంగతి ఎవరికీ అక్కర్లేదు. వేదశ్రీ చెబితే అది సైన్సు, నేను చెబితే అది నా తప్పు. రెండింటిలో ఏది సుఖమో చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

ఆగుదాం. నాలుగు రోజులే కదా.

9 మార్చి, ఆదివారం

అమ్మ చర్చిలో ప్రార్థన విన్నపం పెట్టింది. లడఖ్‌లో మూడు రోజులు మబ్బు లేకుండా ఉండాలని. స్త్రీల సమాజంవాళ్ళు ఎలాగూ శ్రమల దినాలు కదా అని మంగళ, బుధ, గురువారాలు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. లడఖ్ ఎక్కడుందో అడిగారు. మ్యాప్‌లో చూపించాను. మా సంఘంలోని బుల్లయ్య తాత, "చైనా పక్కనే, పక్కనే" అని అందరికీ వివరించాడు.

సాయంత్రం ఖుర్షిదా పిన్ని కలిసి, "నేను కూడా దువాలో అడుగుతున్నా స్తుతమ్మా. రోజాలో ఉన్నప్పుడు అడిగితే అల్లా కాదనడు" అంది.

నాకు భూమి చీలి అందులోకి పోవాలనిపించింది. బిలం ఎక్కడైనా ఉంటే.

12 మార్చి

వేదశ్రీ మెసేజ్: మంచు. నిన్న గోపురం తెరవనే లేదు.

13 మార్చి

నిన్నా తెరవలేదు.

14 మార్చి, శుక్రవారం

మూడో రోజూ మంచే. వేదశ్రీ దిగొచ్చేస్తోంది. రెండు మతాలవాళ్ళు పస్తులుండి అడిగినా ఆకాశం తెరుచుకోలేదు.

సార్ ఫోన్ చేశారు. "ఏం చేస్తాంలే. ఉన్నదానితోనే కమిటీకి వెళ్దాం. 2005 స్పెక్ట్రం చాలు, వాళ్ళు కాదనరు."

అంటే దీన్ని ఎవరూ పట్టుకోరు. వచ్చే ఏడాది దాకా ఆ గెలాక్సీ వంక ఎవరూ చూడరు. నాకు ఏడాది వస్తుంది, పేపరు వస్తుంది, చర్చిలో చప్పట్లు ఎలాగూ వచ్చేశాయి. ఇంక చెప్పేదాన్ని నేనొక్కదాన్నే.

"సార్, 2013లో ఇంకో స్పెక్ట్రం ఉంది" అన్నాను.

అవతల ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"గరుకుగా ఉందని పక్కన పెట్టాను. అంటే, గరుకు వల్ల కాదు సార్. అందులో పొట్ట లేదేమోనని భయమేసి పెట్టాను. మొన్న తీసి చూశాను. లేదు. అది సూపర్నోవా సార్."

"నేను అడిగాను కదమ్మా ఆ రోజు" అన్నారు, మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

"అడిగారు సార్. అబద్ధం చెప్పాను."

"సరే. మిగతా పదమూడింటికీ ఇలాంటి తర్వాతి స్పెక్ట్రాలు ఉన్నాయా?"

"తొమ్మిదింటికి ఉన్నాయి."

"అవన్నీ చెయ్యి. ఎన్ని చల్లారిపోతాయో లెక్క తేలకుండా ఎన్ని నిజమో ఎలా చెప్తాం? కమిటీకి ఇదే చూపించు. ఆ ఫోల్డర్ సంగతి కూడా నువ్వే చెప్పు. ఏడాది ఇస్తారని మాత్రం నేను మాటివ్వలేను."

ఫోన్ పెట్టేసి అమ్మ దగ్గరికెళ్ళి చెప్పాను. లేదమ్మా, నేను పొరపడ్డాను అని. అమ్మ కట్టు వంక చూసుకుంది. తర్వాత, "చెప్పింది చర్చిలో. తీసుకోవాల్సిందీ అక్కడే" అంది. అంతే. అన్నం కూడా తనే ఎడమ చేత్తో పెట్టుకుంది.

16 మార్చి, ఆదివారం

వెళ్ళాను. మైకు పట్టుకున్నాను.

"నెల కిందట మా అమ్మ చెప్పిన సాక్ష్యం నా వల్ల తప్పైంది. నాకు కృష్ణబిలం దొరకలేదు. అది పేలిపోయిన నక్షత్రం. నాకు అనుమానమొచ్చిన కాగితం నేనే దాచాను. మీరు ఉపవాసం ఉన్నప్పుడు కూడా చెప్పలేదు. క్షమించండి."

సాక్ష్యం అయ్యాక ఆమేన్ అనాలి. ఇలాంటిదానికి అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అందరూ అయ్యగారి వంక చూశారు. అయ్యగారు పైకప్పు వంక చూశారు.

అప్పుడు వెనక నుంచి బుల్లయ్య తాత కర్ర పట్టుకుని లేచాడు. ఆయన మోకాలు నొప్పి ప్రార్థనతో పోయిందని నాలుగేళ్ళ కిందట సాక్ష్యం చెప్పాడు, అప్పట్నుంచి ప్రతి పండక్కీ అయ్యగారు దాన్ని ఉదాహరణగా చెబుతారు.

"అయ్యగారూ, ఆ పిల్ల చెప్పింది గాబట్టి నేనూ చెప్తా. నా మోకాలు నెప్పి పోలా. ఆ ఒక్క రోజు తగ్గింది. మళ్ళీ సోమవారమే వచ్చింది. అందరూ అంత సంతోషపడ్డారని ఊరుకున్నా."

ఎవరో కిసుక్కుమన్నారు. కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడ లేచి, "మా అల్లుడు కూడా మళ్ళీ మొదలెట్టాడండీ" అంది. అల్లుడు మగవాళ్ళ వైపు చాప మీదే ఉన్నాడు. ఇంకొకామె లేవబోతుంటే అయ్యగారు చటుక్కున మైకు లాక్కుని, "సహోదరీ, సహోదరులారా, మిగతావి వచ్చే వారం" అన్నారు. అప్పుడు వచ్చిన ఆమేన్ మాత్రం ఈ సంవత్సరంలోకెల్లా పెద్దది.

అందరూ నవ్వుతూ బయటికొచ్చారు. బుల్లయ్య తాత నా భుజం తట్టాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. నాకంటే ముందు నడిచి ఇంటికెళ్ళిపోయింది.

17 మార్చి

అమ్మ మాట్లాడలేదు.

18 మార్చి

"ఉప్పు" అంది. మాట కిందే లెక్క.

20 మార్చి, గురువారం

కమిటీ. ఆన్‌లైన్లో నలభై నిమిషాలు. అన్నీ చెప్పాను, ఫోల్డర్ పేరుతో సహా. ఒక పెద్దాయన, "మీరు ఇది చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదా?" అన్నారు. "తెలిసేది కాదండి" అన్నాను.

ఏడాది అడిగాను. ఆర్నెల్లు ఇచ్చారు. సార్ తర్వాత ఫోన్ చేసి, "ఆర్నెల్లంటే తక్కువేం కాదు. ఆ తొమ్మిదింట్లో ఎన్ని పోయాయి?" అన్నారు.

"ఇప్పటికి ఐదు చూశాను సార్. నాలుగు పోయాయి. ఒకటి నిలబడింది."

"నిలబడిందా? పొట్ట ఉందా?"

"ఉంది సార్. పన్నెండేళ్ళ తర్వాత కూడా అలాగే ఉంది. కానీ నేనేం అనట్లేదు."

"అనకు, అనకు. నేనూ అనను" అన్నారు. ఇద్దరం ఏమీ అనకుండా ఫోన్ పట్టుకుని కాసేపు కూర్చున్నాం. ఆయన గొంతులో నవ్వు తెలుస్తూనే ఉంది.

అమ్మకి ఆర్నెల్ల సంగతి చెప్పాను. "ఊఁ" అంది.

22 మార్చి, శనివారం

అమ్మ కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి ఉంది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మేదరమెట్ల రోడ్డు మీద పత్తి లారీ అడ్డంగా ఆగిపోయి గంటసేపు కదల్లేదు. అక్కడ అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసిందే?"

"ఏడో తారీఖున."

"అంటే తొమ్మిదిన నేను చర్చిలో ప్రార్థన పెట్టమన్నప్పుడు తెలుసు."

"తెలుసమ్మా."

"నాకు సిగ్గేసింది లేనిదానికి సాక్ష్యం చెప్పినందుకు కాదు. తప్పు ఎవరైనా చేస్తారు. వాళ్ళందరూ తిండి మానేసి అడుగుతుంటే నువ్వు పక్కన నిలబడి మ్యాప్ చూపిచ్చావే, దానికి."

లారీ కదిలింది.

23 మార్చి, ఆదివారం

ఈ నోట్‌బుక్ మొదటి నుంచీ చదివాను.

అమ్మకి ఏడో తారీఖున తెలిసిందని చెప్పాను. ఫిబ్రవరి పదకొండున ఏం రాశానో చూశాను. పదమూడున, ఇరవైన కూడా. ఎవరూ అడక్కుండానే మూడుసార్లు సంజాయిషీ ఇచ్చుకున్నాను. అక్కర్లేని స్పెక్ట్రానికి ఎవరైనా ఇంత సంజాయిషీ ఇస్తారా? అమ్మ చర్చిలో లేవడానికి ఐదు రోజుల ముందే నాకు తెలుసు. 'దొరికిందమ్మా' అని అరిచిన రోజు కూడా తెలుసు.

సార్‌కి చెప్పాను, సంఘానికి చెప్పాను, కమిటీకి చెప్పాను. అమ్మకి మాత్రం నిన్న బస్సులో మళ్ళీ అబద్ధం చెప్పాను.

24 మార్చి, సోమవారం

పొద్దున కల్లానికి వెళ్ళాను. అందరూ ఏరుతున్నారు. అమ్మ కూడా, కొత్త చేత్తో మెల్లగా. పక్కకి పిలుద్దామనుకున్నాను. పిలిస్తే మళ్ళీ మాట మారుస్తానని అందరి ముందే చెప్పేశాను.

"అమ్మా, ఏడో తారీఖు కాదు. ఫిబ్రవరి పదకొండు. నువ్వు సాక్ష్యం చెప్పకముందే నాకు తెలుసు. తెలియనట్టు నాకు నేనే చెప్పుకున్నాను."

పదకొండు జతల చేతులు ఆగాయి. అమ్మ చేతిలో ఉన్న కాయని అటూ ఇటూ తిప్పి చూసింది, ఒక కుప్పలో వేసింది, ఇంకోటి తీసుకుంది.

"అదీ" అంది. "నిన్న బస్సులో నువ్వు చెప్పినప్పుడు నీ మొహం చూసి అనుకున్నాలే."

"మొన్నమ్మా. శనివారం."

"తేదీలు నాకు నేర్పమాక." తర్వాత ముఠా అంతటికీ వినపడేలా గొంతు పెంచింది. "ఇదిగో, అందరూ ఇనండి! మా స్తుతికి నల్ల బిలం దొరకలా. ఇంకా ఆర్నెల్లు ఎతుకుద్ది. దొరికితే దొరుకుద్ది, లేకపోతే లేదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి, పదింటికల్లా ఈ రాశి ఏరడం అయిపోవాలి!"

ముందు ఖుర్షిదా పిన్ని నవ్వింది, ఆ తర్వాత అందరూ. నేనూ నవ్వాను, ఘాటు గొంతులోకి పోయి దగ్గొచ్చింది. దగ్గు ఆగట్లేదని వాళ్ళు ఇంకా నవ్వారు. అమ్మ నవ్వుతూనే తన పక్కన పట్టా మీద కాయలు ఇటు లాగి, నేను కూర్చోవడానికి చోటు చేసింది.